నానని ఉలవలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "నీకు పది నిమిషాలిస్తాం, బడి గురించి మాట్లాడు" అన్నారు. బడి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ హాలు నిండా ఉన్నారు, నేను మా గుర్రం గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "సరేలే, నిన్ను అందరూ గుర్రంతోనే గుర్తు పెట్టుకున్నారు గదా" అన్నారు. నిజమే. ఈ బడిలో నా పేరు హాజరుపట్టీలో మాత్రమే ఉండేది. తక్కిన చోట్లంతా నేను "జట్కా"నే. ఈ పొద్దున గేటు దగ్గర నా బ్యాడ్జీ మీది పేరు చదివి కూడా ఎవరో తేల్చుకోలేనివాళ్ళు, "జట్కా రా" అనగానే వచ్చి కావలించుకున్నారు. చిన్నప్పుడు ఆ మాటకు ఎంత ఏడ్చినానో వాళ్ళకు తెలియదు.

మా ఇల్లు పాతబస్తీలో హంద్రీ ఒడ్డుకు దగ్గర. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. మా అబ్బ జట్కా తోలినాడు, మా నాయనా తోలినాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో పెట్టినారని మీరంతా విన్నదే. ఆ గుడారాలకు రైల్వే స్టేషన్ నుంచి గుమాస్తాలను, వాళ్ళ ట్రంకు పెట్టెలను మోసింది జట్కాలే. మా అబ్బ ఆ మూడేళ్ళ గురించి చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. "వాళ్ళు ఫైళ్ళు తీసకపోయిరి, మాకు గుర్రాలు మిగిలె" అనేవాడు. నేను పుట్టేటప్పటికి ఆ వైభవమంతా కథే. ఇంట్లో మిగిలింది ఒక జట్కా, ఒక ఆడగుర్రం. పేరు మోతీ. ఎర్రటి ఒళ్ళు, నుదుట రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ.

గుర్రం ఇంట్లో ఉంటే ఆ ఇంటి గడియారం దాని కడుపే. మా అమ్మకు సైరన్‌తో, నమాజు పిలుపుతో పని లేదు, మోతీ కాలితో నేల గీరిందంటే నాలుగయినట్టు. రాత్రి ఉలవలు నానబెట్టడం, తెల్లవారుజామున ఉడకబెట్టడం, ఆరినాక పెట్టడం నా పని. రోజుకు రెండు శేర్లు. ఉడికిన నీళ్ళు వంచి అమ్మ చారు పెట్టేది. గుగ్గిళ్ళు గుర్రానికి, చారు మాకు. మాది గుర్రం ఎంగిలి కూడు అని ఒకడు తరగతిలో అన్నాడు. వాడు ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఉలవచారు బకెట్ దగ్గర కదలకుండా నిలబడతాడని నాకు తెలుసు. పేరు చెప్పను.

బడి తెరిచేది జూన్‌లో గనక అక్కడి నుంచే మొదలుపెడతా. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే మనకు ప్రాణం లేచి వస్తుంది, గుర్రానికి మాత్రం కష్టాలు మొదలవుతాయి. తడి నేల మీద రోజంతా నిలబడితే గిట్టల అడుగున మెత్తబడి కుళ్ళు వాసన వస్తుంది. సాయంత్రం బండి విప్పగానే నాలుగు కాళ్ళూ ఎత్తి, మట్టి గీకి, మైలతుత్తం నీళ్ళతో కడగాలి. గుర్రం కాలు ఎత్తించడం ఒక విద్య. బలంతో ఎత్తలేం. భుజం ఆనించి మన బరువు దానిమీదికి తోస్తే అది తన బరువు అటు మార్చుకుని, కాలు మన చేతికిస్తుంది. ఐదో తరగతి పిల్లాడికి కూడా ఇస్తుంది.

తర్వాత జోరీగలు. సాయంత్రం వేపాకు పొగ వేసేవాళ్ళం. పొగకు ఈగలకంటే ముందు మేమే ఇంట్లోంచి పరిగెత్తేవాళ్ళం. మా అబ్బ గుర్రం ఒకటి వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. జ్వరం వచ్చేది, తగ్గేది, మళ్ళీ వచ్చేది, తిండి తింటూనే ఎండిపోయింది, కాళ్ళు వాచినాయి. దిష్టి అనుకున్నారు. దాన్ని సర్రా అంటారని, రక్తంలో చేరే పురుగు వల్ల వస్తుందని, జోరీగలే దాన్ని మోస్తాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత ఒక పశువైద్యుడు చెప్పినాడు. ఆ పురుగును 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే బ్రిటిష్ సైన్యపు పశువైద్యుడు మన దేశంలోనే, గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టినాడట. మా అబ్బ మాత్రం చచ్చేదాకా దిష్టి పెట్టినోణ్ణే వెతుకుతా ఉండె.

మేత సంగతి మన సీమలో ఎప్పుడూ చిక్కే. కె.సి. కాలువలో నీళ్ళున్నన్నాళ్ళు గట్టు మీది గరిక మోపులు కట్టి అమ్మేవాళ్ళు. కాలువ కట్టేస్తే జొన్న చొప్పే. వాన ముఖం చాటేసిన ఏడు లేత జొన్న పచ్చగా కనపడినా నాయన తాకనిచ్చేవాడు కాదు. దానికి నాము పట్టి ఉంటుంది, పశువు తిన్న చోటనే పడిపోతుంది. అదే ఎండకు శనక్కాయ పోయినా, ఆలస్యంగా చల్లిన ఉలవ మాత్రం ఎంతో కొంత చేతికొస్తుంది. మనిషికి పంట లేని ఏడు గుర్రానికి తిండి ఉండేది. మా అమ్మ దీన్ని ఎత్తిపొడుపుగా అనేది, నేను మామూలుగా చెబుతున్నా.

వానాకాలంలో ఒక్క సుఖం ఉండేది, సవారి. పొద్దున్నే మోతీని నదికి కడగడానికి తీసుకపోవాలి. నడిపించుకుని పోవాల. నడిపించుకునే పోతానని ఇంట్లో చెప్పేవాణ్ణి. వీధి మలుపు తిరగ్గానే అరుగు ఎక్కి దాని వీపు మీదికి జారేవాణ్ణి. జీను లేదు, రికాబు లేదు, ఒక గోనెపట్ట, కళ్ళానికి కట్టిన తాడు. మద్రాసులో సర్ థామస్ మన్రో విగ్రహం గుర్రానికి జీనూ రికాబులూ లేవని, శిల్పి మరిచిపోయినాడని జనం చెప్పుకుంటారని మన సోషల్ సారు చెప్పినారు గుర్తుందా? దత్తమండలాల కలెక్టరుగా ఈ ఊళ్ళన్నీ తిరిగి, చివరికి 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయిన మనిషి ఆయన. ఆ రోజు తరగతిలో నేను చెయ్యెత్తి "రికాబులు లేకపోయినా పడరు సార్, మోకాళ్ళతో పట్టుకుంటే చాలు" అన్నాను. అందరూ నవ్వినారు. సారు నవ్వలేదు. "నీకెట్ల తెలుసు?" అన్నారు. "నేను పోతాను సార్" అన్నా. తరగతి నిశ్శబ్దమైంది. నేను "జట్కా"గా కాకుండా రెండు నిమిషాలు ఇంకెవరో అయినాను.

హంద్రీ ఇసుకలో నీళ్ళు పాయలుగా పారే రోజుల్లో మోతీ తనంతట తానే దౌడు తీసేది. బండికి కట్టినప్పుడు దాని నడక వేరు, తల వంచుకుని, లెక్కపెట్టినట్టు. ఇసుక కాలికి తగలగానే చెవులు ముందుకు నిక్కేవి. దాని వీపు నా కింద సాగినట్టయ్యేది. ఎన్నిసార్లు పడినానో లెక్కలేదు, ఇసుక గనక దెబ్బ తెలిసేది కాదు. పడితే అది ఆగి, వెనక్కి వచ్చి, నన్ను వాసన చూసేది. గుర్రం మీద ప్రేమ అని పెద్ద మాటలు నాకు రావు. అది వెనక్కి వచ్చేది, అంతే.

చలికాలం సులభం. ఒంటి మీద బొచ్చు దట్టంగా పెరుగుతుంది, గోనెపట్ట కప్పితే చాలు. తెల్లవారుజామున మీటరుగేజి బండి దిగే జనం కోసం స్టేషన్‌కు పోతే, నిలబడ్డ గుర్రాల వీపుల నుంచి ఆవిరి లేచేది. నెలకో నెలన్నరకో నాల్‌బందును పిలిచి నాడాలు మార్పించాలి. తారు రోడ్డు మీద ఇనుము అరిగిపోతుంది, కింద గిట్ట పెరుగుతానే ఉంటుంది. మేకు ఒక్క గోరంత పక్కకు పోతే కుంటుతుంది, ధనుర్వాతం వచ్చినా వస్తుంది. నాల్‌బంద్ పనిచేసేటప్పుడు మా నాయన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. నన్ను చదివించేటప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

ఎనిమిదో తరగతిలో జరిగింది ఒకటి చెప్పాలి, మా బ్యాచ్ వాళ్ళకు బాగా జ్ఞాపకం. జట్కావాళ్ళు "ముందుకు జరగండి, ముందుకు" అని అరవడం మీరంతా విన్నారు, సినిమాల్లో కూడా నవ్వించడానికి వాడుకున్నారు. ఒకరోజు సైన్సు సారు మా నాయన బండిలోనే బడికి వచ్చినారు. దిగి, బండిని గేటు దగ్గరే ఆపించి, తరగతి మొత్తాన్ని బయటికి పిలిపించినారు. నేను చెట్టు వెనకకు పోయి దాక్కున్నాను. సారు మా నాయనను అడిగినారు: "ఏమప్పా, జనాన్ని ముందుకు జరగమని ఎందుకంటావు?"

"వెనక్కి కూచ్చుంటే కొయ్యలు పైకి లేస్తాయి సార్, పొట్టకింద పట్టీ గుర్రాన్ని ఎత్తేస్తాది. మరీ ముందుకొస్తే దాని నడుం మీద పడతాది. సరిగ్గా కూచ్చుంటే దానికి బరువే తెలీదు."

సారు మావైపు తిరిగి "విన్నారా? ఇరుసు ఆధారం. ఇది తులాదండం. ఈయన రోజూ చేసే లెక్క మీకు పరీక్షలో ఐదు మార్కులకు వస్తుంది" అన్నారు. పిల్లలను నలుగురు నలుగురిగా ఎక్కించి, వెనక్కీ ముందుకూ జరిపి చూపించినారు. మోతీ ఓపిగ్గా నిలబడింది. మా నాయన ఆ రోజు ఇంటికొచ్చి "మీ బళ్ళో నేను పాఠం చెప్పినా" అని అమ్మకు పదిసార్లు చెప్పినాడు. నేను చెట్టు వెనక ఉన్న సంగతి ఆయన చూసినాడో లేదో, ఎప్పుడూ అడగలేదు.

ఇక ఎండాకాలం. నేను చెప్పవలసింది అక్కడే ఉంది.

మన ఎండ గురించి మీకు చెప్పనక్కర్లేదు. హంద్రీ ఎండిపోతే ఇసుకలో చెలిమలు తవ్వాలి. గుర్రానికి ఆ రోజుల్లో నాలుగైదు బిందెల నీళ్ళు కావాలి. వీధి కొళాయి దగ్గర అమ్మ వరుసలో నిలబడి తెచ్చిన బిందెల్లో సగం మోతీ తాగేది. "ఇంట్లో ఇంకో కోడలున్నట్టుండాది" అనేది అమ్మ, కానీ తను తాగకముందే దాని తొట్టి చూసేది. చెమట పడుతుంది గనక ఉప్పు నాకించాలి. నడినెత్తిన ఎండ ఉంటే నాయన బండి కట్టేవాడు కాదు. మధ్యాహ్నం రైలుకు దిగే జనం ఎక్కువ డబ్బులిస్తామన్నా వేపచెట్టు కింద నుంచి లేచేవాడు కాదు. దానికొక చట్టం ఉందని ఆయనకు తెలియదు. బండి లాగే జంతువులను రోజుకు 9 గంటలకు మించి, ఏకబిగిన 5 గంటలకు మించి పనిచేయించరాదని, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టరాదని కేంద్ర ప్రభుత్వం 1965లోనే నిబంధనలు చేసింది. కర్నూలులో మండువేసవిలో 37 దాటని రోజేది? చట్టం తెలియని మనిషి చట్టం ప్రకారం నడిచి, అందుకు రోజుకు రెండు మూడు రూపాయలు పోగొట్టుకున్నాడు.

1975, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. రేపు లెక్కలు అనగా రెండు రోజుల ముందు రాత్రి దీపం దగ్గర చదువుతూ అట్లనే నిద్రపోయినాను. తెల్లవారి మోతీ నేల గీరుతుంటే మెలకువ వచ్చింది. చూస్తే ఉలవలు నానబెట్టలేదు. ఉడకబెట్టే వేళ కూడా దాటిపోయింది. నాయన ముఖం కడుక్కుంటున్నాడు. పెళ్ళి వాళ్ళ బాడుగ ఉంది, బాగా పెట్టమని రాత్రే చెప్పినాడు. నేను బస్తాలోంచి మూడు శేర్ల ఎండు ఉలవలు తొట్టిలో పోసి, పైన తవుడు చల్లి కప్పినాను. మోతీ కరకరమని నమిలింది. ఆ చప్పుడు నాయనకు వినపడుతుందని భయపడి బకెట్ గట్టిగా కడిగినాను. తర్వాత అది కడుపునిండా నీళ్ళు తాగింది.

గుర్రం వాంతి చేసుకోలేదు. మనిషికి, కుక్కకు, పిల్లికి ఉన్న ఆ సదుపాయం దానికి లేదు. లోపల పోయింది కింది నుంచి పోవాల్సిందే. దాని ఒంటికి కడుపు చిన్నది. ఎండు గింజ లోపల నానితే ఏమవుతుందో ఆ మధ్యాహ్నం చూసినాను.

నాయన పది గంటలకే బండి వెనక్కి తిప్పుకుని వచ్చినాడు. మోతీ మాటిమాటికీ తన పక్కటెముకల వైపు తిరిగి చూసుకుంటోంది. కాళ్ళతో తవ్వుతోంది. పడుకుంటుంది, దొర్లబోతుంది, లేస్తుంది. ఒళ్ళంతా చెమట. దొర్లితే పేగు మడత పడుతుందని నాయన తాడు పట్టుకుని నడిపించడం మొదలుపెట్టినాడు. నడుస్తూనే నన్ను అడిగినాడు.

"ఉలవలు నానబెట్టినావా రా?"

"పెట్టినా నాయనా."

అంతే. ఈ యాభై ఏళ్ళుగా నా దగ్గరున్నది ఆ రెండు మాటలే.

నాయన బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసినాడు. నాలుగు గింజలు పుచ్చువి కనపడినాయి. ఏ బస్తాలోనైనా నాలుగు ఉంటాయి. ఆయన కళ్ళు ఎర్రబడినాయి.

పశువుల డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టించినాడు. రాత్రంతా నడిపించమన్నాడు. కొండారెడ్డి బురుజు దాకా పోవడం, తిరిగి రావడం. నాయన అలిసిపోతే నేను, నేను తూలితే నాయన. ఊరంతా పడుకుంది. దాని గిట్టల చప్పుడు, మా చెప్పుల చప్పుడు. నాయన ఏం మాట్లాడలేదు. నేను మాట్లాడదామని ఎన్నిసార్లు నోరు తెరిచినానో బురుజుకు తెలుసు. తెల్లవారుజామున మా వీధి మొదట్లో మోతీ ఆగి, తోక ఎత్తి, లద్దె వేసింది. మా నాయన ఆ లద్దెను రెండు చేతులతో తీసుకుని చూసి, వీధిలో కూర్చుని ఏడ్చినాడు. ఆ మరునాడు నేను లెక్కల పరీక్ష రాసినాను. ముప్పై ఎనిమిది వచ్చినాయి. ఇన్నాళ్ళూ సారుకు జ్వరమొచ్చిందని చెబుతూ వచ్చినాను.

మిగతాది మా బ్యాచ్ వాళ్ళకు సగం తెలుసు. నాయన ఆ బస్తాను భుజానేసుకుని పోయి అంగడి ముందర పారబోసినాడు. పుచ్చు ఉలవలు అమ్మి నా గుర్రాన్ని చంపబోతివి అని నలుగురిలో అరిచినాడు. ఆ అంగడాయన పెద్దమనిషి. "మంచి సరుకే ఇచ్చినానయ్యా" అని ఒక్కసారే అన్నాడు. ఆ నెల బాకీ నాయన ఇవ్వలేదు, ఆయన అడగలేదు. స్టాండులోని జట్కావాళ్ళంతా ఆ అంగడికి పోవడం మానేసినారు. గుర్రాలున్న ఇళ్ళే ఆయనకు పెద్ద బేరం. ఏడాది తిరక్కముందే ఉలవల వ్యాపారం చాలించుకున్నాడు.

ఆయన కొడుకు నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడు. ఎనిమిదిలో జట్కా ఎక్కడానికి చెట్టు వెనక నుంచి నన్ను చెయ్యిపట్టి లాక్కొచ్చింది వాడే. పరీక్షల చివరి రోజుల్లో వాడు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. వాడు ఇంటర్‌కు కడప పోయినాడు. తర్వాత ఈ సంఘం సమావేశాల్లో కలిసినాం, పిల్లల పెళ్ళిళ్ళకు పిలుచుకున్నాం, బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం. ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

మోతీ ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. ఆటోలు వచ్చి స్టేషన్ దగ్గర జట్కాల స్టాండు కుదించుకుపోయినాక నాయన బండి అమ్మేసినాడు, గుర్రాన్ని అమ్మలేదు. పెళ్ళికొడుకులను ఎక్కించుకునేది, పీర్ల పండుగకు పోయేది, తక్కిన రోజులు ఊరికే నిలబడేది. ఒక చలికాలం పొద్దున లేవలేదు. నాయన కూడా పోయినాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినప్పుడు మా పాత ఇంటి గుర్రపుసాల గోడ పడిపోయింది. బురద ఎత్తుతుంటే ఉలవలు కొలిచే శేరు దొరికింది. దాన్ని ఇంటికి తెచ్చి తోమి అలమరలో పెట్టింది మా ఆవిడ. ఇదేంది అని మనవడు అడిగితే గుర్రం కథ చెబుతాను. పైన ఇసుకలో దౌడు దాకా చెబుతాను. ఎండాకాలం దాకా రాను.

నా పది నిమిషాలు దాటిపోయినాయి, కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క మాట. మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నావు చూడు, నీకు నిన్న రెండుసార్లు ఫోన్ చేసి తప్పకుండా వస్తున్నావా అని అడిగింది ఇందుకే. మీ నాయన ఉలవలు మంచివే. నానబెట్టనిది నేను. మా నాయనకు కూడా చెప్పలేదు.

పత్తికొండ వైపు నుంచి ఒక బస్తా తెప్పించినా. కారు డిక్కీలో ఉంది. నా నడుం సరిగా లేదు, ఒక్కణ్ణే దించలేను. భోజనాలకు ముందే నువ్వొకసారి బయటికి రా.